సర్కారును నేను కొట్టలేదండీ!

కోర్టులో నోరు జారడానికి ఎంత తెలివితక్కువతనం కావాలో, నా దగ్గర అంతకు రెట్టింపు ఉండేది. పంతొమ్మిదివందల యాభైల చివర్లో పర్చూరు దగ్గర మా ఊళ్లో కోటయ్య ఎద్దు మా మిరపతోటలో పడితే, కోపం పట్టలేక కోటయ్యను ఒకటి పీకాను. అతను పోలీసులకు చెప్పాడు.

విచారణ రోజున బంట్రోతు, "సర్కారు వారు వర్సెస్ సుబ్బారావూ!" అని కేకేశాడు. కోటయ్యతో తగవనుకుంటే, సర్కారే నాకు ఎదురు నిలబడింది! ఇక జైలే అనుకుని బోనులోంచి అరిచాను.

"అయ్యా, సర్కారును నేను ముట్టుకోలేదండీ! కొట్టింది కోటయ్యనండీ!"

కోర్టంతా గొల్లున నవ్వింది. నాకు జామీను ఉన్న మా మామగారు కండువాతో ముఖం కప్పుకున్నారు. మేజిస్ట్రేటు గారు మాత్రం నవ్వాపుకుని, "నిన్నింకా ఎవరూ ఏమీ అడగలేదయ్యా. రుజువయ్యేదాకా నువ్వు నిర్దోషివే. నోరు మూసుకునే హక్కు కూడా నీకుంది, కాస్త వాడుకో" అన్నారు. చట్టం నన్నింత గారం చేస్తుందని, 'ముద్దాయి'లో ముద్దుందని ఆయన వల్లే తెలిసింది. అయినా ఆ అరుపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు మండుతాయి.

నా అరుపు రికార్డుకెక్కలేదు; సాక్షులు తలోమాట చెప్పడంతో కేసు కొట్టేశారు. బయటికొచ్చాక కోటయ్య, "ఒరేయ్, నా కేసులో బతికిపోయావురా!" అన్నాడు.

"నీ కేసెక్కడిదిరా? బంట్రోతు నీ పేరు పిలిచాడా? అది నాకూ సర్కారుకూ తగవు. నువ్వు ఉత్త సాక్షివి!" అన్నాను.