మూడో ఆదివారం లేచిన తాతయ్య

నా చిన్నప్పుడు మెదక్‌లో మా తాతయ్య కట్టిన కీర్తన వినిపించని ఆదివారం లేదు. చర్చిలో కులానికో బెంచీ వద్దని, ఆడపిల్లలకు పసితనంలో పెళ్లిళ్లు వద్దని ఆయన పాటలు రాశాడు. చుట్టుపక్కల ఊళ్ల సంఘాల్లోనూ అవే పాడేవారు.

నాకు పద్నాలుగేళ్లు నిండగానే మా నాన్న టేక్మాల్ ఊళ్లో సంబంధం ఖాయం చేశాడు. బడి మాన్పించారు. ఆదివారం చర్చికి తప్ప గడప దాటనివ్వలేదు. మా కిటికీకి ఏడు ఊచలు. వాటి నీడ ఎదుటి గోడను తాకేదాకా ఎక్కాలు చెప్పుకుంటూ కూర్చునేదాన్ని. తాతయ్యను బతిమాలితే "చూద్దాం బిడ్డా" అని తల దించుకున్నాడు.

పక్కనే ఉన్న మా నాన్న తాతయ్యను చూసి నవ్వాడు. "నువ్వు పాటలు రాస్కో నాయినా. గిసోంటి సంబంధం మళ్ల దొర్కది."

తాతయ్య తినేది నాన్న పెట్టే తిండే. నాకది తెలుసు.

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే చెప్పాలి. మూడూ దాటితే ఇక అడ్డులేదు. నాన్న అందులో నా వయసు పద్దెనిమిదని రాయించాడు. మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు చదివి కాసేపు ఆగారు. తాతయ్య కదల్లేదు. రెండో ఆదివారమూ అంతే. పైగా ఆ రోజు ఆడపిల్లల మీద ఆయన రాసిన పాటే అందరూ పాడారు. నేను నోరు తెరవలేదు. మగవాళ్ల వైపు చూస్తే ఆయనా పాడటం లేదు.

మూడో ఆదివారం అయ్యగారు చదవడం ముగించి కాగితం మడుస్తుంటే వెనక బెంచీ చప్పుడైంది. తాతయ్య లేచాడు.

"జర ఆగుండ్రి అయ్యగారూ. పిల్లకు పద్దెనిమిది లేవు, పద్నాలుగే. నా కొడుకు అబద్ధం రాయించిండు. తెల్సి కూడ నేను రెండు వారాలు నోరు మూస్కున్న."

"కూసో నాయినా, ఇజ్జత్ తీయకు!" అన్నాడు నాన్న.

"పోతే పోనీ. కూసోను."

పెళ్లి ఆగింది. నాన్న మళ్లీ తాతయ్యతో మాట్లాడలేదు. తాతయ్య పళ్లెం వరండాలోకి మారింది. నన్ను బడికీ పంపలేదు. పక్కింటి అక్క ఇచ్చిన పాత పుస్తకాలతో లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆయన సంస్మరణ సభల్లో ఎన్ని పాటలు రాశాడో చెబుతారు. నేను మాత్రం ఆ ఆదివారాలనే లెక్కపెడతాను. అంతటి మనిషికే లేచి నిలబడటానికి మూడు పట్టాయి. అందుకే మా సంఘంలో ఏ పెళ్లి కుదిరినా, ఆ పిల్ల పుట్టిన సంవత్సరం ముందే అడిగి తెలుసుకుంటాను. తేడా ఉంటే మొదటి ఆదివారమే లేస్తాను. ఇప్పటికి రెండుసార్లు లేచాను.