అడ్డం పెట్టిన రాయి

మా ఊరు రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఆ నీళ్ళ మీద పడవ తిప్పుకుని బతకండని సలహా ఇచ్చింది మా నాయకుడు. ఊరు ఖాళీ చేయండని ఇంటింటికీ వచ్చి చెప్పిన నోటితోనే ఆ మాటా అన్నాడు. మీ చేను మీద మీరే జనాన్ని తిప్పండి, టికెట్టు వసూలు చేసుకోండి అన్నాడు. వినడానికి ఎంత చక్కగా ఉందో! మా ఆయన నమ్మాడు. నేను నమ్మలేదు గానీ, నమ్మకుండా చేసేది మాత్రం ఏముంది?

చేను పోయింది, ఇల్లు పోయింది. చక్రాలున్నాయి కాబట్టి ట్రాక్టరు ఒక్కటే మా వెంట గట్టెక్కింది. దున్నడానికి సెంటు నేల లేకపోయినా మా ఆయన రోజూ దాన్ని కడిగి తుడిచేవాడు. "ఇది ఉండేంత వరకు నేను రైతునే మే" అనేవాడు. ఆ మాట పట్టుకునే ఆయన తలెత్తుకు తిరిగేవాడు. అది కూడా పోతే ఈ మనిషి ఏమైపోతాడోనని నాకు లోపల బెదురుగా ఉండేది.

నేను తెచ్చుకున్నది మా ఇంటి ముందరి మెట్టు రాయి. నల్లటి కడప బండ. అత్తగారింట్లో నేను మొదట కాలు పెట్టింది దాని మీదే. ట్రాలీలోకి ఎత్తేటప్పుడు జారి రెండు ముక్కలైంది. "పగిలిన రాయి ఏం చేసుకుంటావే, పచ్చడి నూరుతావా?" అని మా ఆయన నవ్వాడు. తీరా చూస్తే ఆ ముక్కలు ఆయనకే పనికొచ్చాయి. వాలులో బండి నిలిపినప్పుడల్లా వెనక చక్రాల కింద చెరొకటి అడ్డం పెట్టేవాడు.

పడవను మంత్రాలయం వైపు, తుంగభద్ర ఒడ్డున ఒకాయన దగ్గర కొన్నాం. పాత ఫైబరు పడవ. ట్రాలీ మీద కట్టి మా ట్రాక్టరుతోనే లాక్కొచ్చాం. ట్రాలీకి బ్రేకులుండవు, వెనకున్న బరువంతా ట్రాక్టరే ఆపుకోవాలి. దిగుడు రోడ్లలో బ్రేకు తొక్కీ తొక్కీ కాలిన వాసన వచ్చింది. ఇంటికి చేరేసరికి బ్రేకు తొక్కితే పెడలు కిందికంటా పోతోంది, బండి మాత్రం ఆగీ ఆగనట్టు ఆగుతోంది. మెకానిక్కు విప్పి చూసి, లోపల లైనింగు అరిగిపోయింది, సామాను కడప నుంచి రావాలి, కొన్నాళ్ళు ఆగండి అన్నాడు. ఆగేవాళ్ళమే. కానీ నాయకుడు తన చేతుల మీదుగానే పడవను వదులుతానని రోజు కూడా పెట్టేశాడు.

"బ్రేకు బాగలేదని చెప్పయ్యా ఆయనకు" అన్నాను.

"ఆయన టైమిచ్చిందే శానా గొప్ప. ఇప్పుడు కాదంటే మళ్ళీ యాడ దొరుకుతాడు? రాళ్ళుండాయి కదా మే, ఏం కాదులే" అన్నాడు.

పడవ దింపడానికి రేవు ఎవరు కట్టిచ్చారు మాకు? మా ఊరికి పోయే పాత తారు రోడ్డు నేరుగా నీళ్ళలోకి దిగిపోతుంది. పెళ్ళైన కొత్తలో బస్సు దిగి నేను నడిచిన రోడ్డు. దాన్నే రేవు చేసుకున్నాం. ఆ రోజు మా ఆయన ట్రాక్టరు ముఖం గట్టు వైపు, ట్రాలీ నీళ్ళ వైపు ఉండేలా నిలిపాడు. ఇంజను ఆపి, గేరులో ఉంచి, రాళ్ళు రెండూ వెనక చక్రాలకు బిగించి పెట్టాడు. నీళ్ళు తగలగానే తేలాలని పడవ కట్లు కూడా విప్పేశారు.

నాయకుడు రావలసిన వేళకు రాలేదు. వచ్చాక మాత్రం తీరిగ్గా మాట్లాడాడు. మీ ఊరు యాడికీ పోలేదు, గంగమ్మ ఒడిలో భద్రంగా ఉండాది అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హారతి పళ్ళెం చేతిలో ఉంది కాబట్టి ఊరుకున్నాను.

తరువాత నిమ్మకాయలు. కొత్త బండి కదిలేటప్పుడు చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం కదా, దిష్టి పోవడానికి. నాయకుడి అనుచరుడొకడు ఆ పని మీదేసుకున్నాడు. మా ఆయన అప్పటికే సీట్లో కూర్చున్నాడు, చుట్టూ దండలు, జనం.

"బండి వెనక్కి కదా పోయేది? ముందర పెడితే ఏం లాభమప్పా, వెనకాల పెట్టండి" అన్నాడు అనుచరుడు. వెనక్కి పోయి చూస్తే రాళ్ళు కనిపించాయి. "శుభమా అని పడవ వదుల్తాంటే అడ్డం పెట్టినారేందప్పా? అడ్డం తీయండి ముందు!"

అడ్డం తీశారు. నల్ల రాయి ఒకటి ఎగిరి ముళ్ళకంపలో పడడం చూశాను. నా మెట్టును నేను గుర్తుపట్టనా? "యోవ్, రాళ్ళు తీసినారు!" అని అరిచాను. డప్పుల మోతలో ఎవరికి వినిపిస్తుంది? మా ఆయన ఇంజను స్టార్టు చేయడానికి క్లచ్చు తొక్కాడు. అంతవరకూ బండిని పట్టుకున్నది గేరే, అది కాస్తా వదిలేసింది. నిమ్మకాయలు చితికాయి. ట్రాక్టరు వెనక్కి కదిలింది.

ఆయన బ్రేకు మీద నిలబడిపోయాడు, రెండు కాళ్ళతో. దూకయ్యా, దూకు అని నేను వెంటపడి పరుగెత్తాను. దూకలేదు. పడవ నీళ్ళు తగలగానే ట్రాలీ మీది నుంచి తేలి, దండలతో సహా అందంగా పక్కకు పోయింది. పడవ వదలడమంటే ఇంతేనేమో అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ట్రాక్టరు మునిగాక ఆయన ఒక్కడే పైకి తేలాడు. మునిగిన మా ఊరి మనుషులే ఈదుకుంటూ పోయి లాక్కొచ్చారు.

గట్టు మీద ఆయన నీళ్ళు కక్కుతూ ఉంటే అనుచరుడు నా దగ్గరకొచ్చాడు. "నిమ్మకాయలు తొక్కినాది కాబట్టి మనిషి దక్కినాడమ్మా. అంతా మన మంచికే" అన్నాడు. హారతి పళ్ళెం వాడి ముఖాన కొట్టాను. దానికి మాత్రం నేను ఈనాటికీ బాధపడడం లేదు. జనం డ్రైవరుకు చేతకాలేదన్నారు, తాగి ఉన్నాడని కూడా అన్నారు. ఆ రోజు మంగళవారం, మంగళవారం మందు ముట్టని మనిషి అనబోతే, మిగతా వారాల సంగతి అడుగుతారని ఊరుకున్నాను.

లోతు ఎక్కువని క్రేను వాళ్ళు చూసి వెళ్ళిపోయారు. పడవను అమ్మేశాం. మా ఆయన ఇప్పుడు రాయచోటి రోడ్డులో ఒకరి గోడౌనుకు కాపలా. రైతునన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

మొన్న ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గాయి. ఇద్దరం పోయి చూశాం. పాత రోడ్డు మీద, మా ఇల్లుండిన సందు మలుపుకు కాస్త ఇవతల, తుప్పుపట్టి ట్రాక్టరు నిలబడి ఉంది. చక్రాలు సగందాకా బురదలో కూరుకుపోయాయి. మా ఆయన గట్టెక్కి, ముళ్ళకంపలో వెతికి, మెట్టు రాయి ముక్కను మోసుకొచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడెందుకయ్యా?" అన్నాను.

"ఉండనీ మే. మళ్ళీ నీళ్ళొస్తాయి గదా" అన్నాడు.

రెండో ముక్క నేనే వెతికి తెచ్చి అవతలి చక్రానికి పెట్టాను.