మెట్లెక్కని సోఫా

పెళ్లయిన కొత్తలో మేము పెనుకొండలో ఒక అవ్వ ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్లం. రెండు గదుల్లో చాప తప్ప కూర్చోవడానికి ఏమీ లేదు. ఒక ఆదివారం హిందూపురం వెళ్లి ముగ్గురు కూర్చునే ఆకుపచ్చ సోఫా కొన్నాం. షాపులో దాని మీద కూర్చుని నేను లేవనంటే, మా ఆయన నవ్వుతూ బిల్లు కట్టేశాడు.

మరునాడు టెంపోలో వచ్చిన సోఫా మెట్ల మలుపు దాకా ఎక్కి ఇరుక్కుపోయింది. నిలువుగా తిప్పారు, తలకిందులు చేశారు. కాళ్లు తీద్దామంటే ఊడేవి కావు. చివరికి కూలీలు దాన్ని కింద అవ్వ వరండాలో దించి, చెమట తుడుచుకుని వెళ్లిపోయారు.

షాపుకు ఫోన్ చేస్తే వాపసు తీసుకుంటామన్నారు. కాని ధరలో నాలుగో వంతు పట్టుకుంటారట. దానికి రీస్టాకింగ్ చార్జీ అని పేరు. టెంపో బాడుగ కూడా మేమే పెట్టుకోవాలి. కొనేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

మా నాయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు, నేసిన చీరలు ఇంట్లోనే అమ్ముతాడు. సంగతి విని రైలెక్కి వచ్చాడు. నన్ను వెంటబెట్టుకుని హిందూపురం షాపుకు వెళ్లాడు. గొడవ పడతాడేమోనని నాకు భయం. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని, చుట్టాలింటికి వచ్చినట్టు ఓనరు ఎదురుగా కూర్చున్నాడు.

“ఏమప్పా, దాని మీద ఎవురూ కూచోల్యా. కవరు గూడా తియ్యల్యా. దుడ్డు ఏంటికి పట్టుకుంటాండావు?”

“రూలు సామీ. బిల్లు వెనకాల రాసుండాది” అన్నాడు ఓనరు.

నాయన బిల్లు తిప్పి, కళ్లజోడు సర్దుకుని చూసి, నాకిచ్చాడు. చీమ తలకాయంత అక్షరాలు, అదీ ఇంగ్లీషులో.

“ఇది కొనేటప్పుడే చెప్పాల కదప్పా. నా కాడికొచ్చే ఆడోళ్లు ఇంట్లో ఉండే చీరలన్నీ మడతలిప్పించి, ఒగటి గూడా తీసుకోకుండా పోతారు. మళ్లా మడిచిపెట్టుకునేది నేనే. దానికి గూడా చార్జీ ఎయ్యొచ్చని తెలిసింటే ఈపాటికి మేడ కట్టిందును.”

ఓనరుకు నవ్వాగలేదు. టీ తెప్పించాడు. ఇద్దరూ వానల గురించి, పట్టు ధర గురించి మాట్లాడుకున్నారు. చార్జీ మాత్రం రూపాయి కూడా తగ్గలేదు. ఇకమీదట తెలుగులో పెద్ద బోర్డు పెట్టిస్తానన్నాడు. పెట్టించాడో లేదో నాకు తెలియదు.

తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది.

“కూచునేదానికే కదమ్మా కొనింది” అన్నాడు నాయన. “పైన కూచుంటే ఏమి, కింద కూచుంటే ఏమి? వానికి ఉత్తపుణ్యానికి ఇచ్చే బదులు కిందనే కూచో.”

ఆ సాయంత్రమే కవరు చింపేశాం. అవ్వ మాత్రం కొత్త వస్తువు మాసిపోతుందని దాని పక్కన నేల మీద కూర్చుంది. నేను చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టాను. మెత్తలోకి దిగబడిపోయి, “ఏమ్మే ఇది, నన్ను మింగేస్తాండాది” అంది. నాయన, మా ఆయన, నేను నవ్వి నవ్వి అలిసిపోయాం. అవ్వ కూడా నవ్వింది, లేవమంటే లేవలేదు.

తర్వాత పక్కింటావిడ వచ్చింది, ఆవిడ వెనక ఎదురింటావిడ. ఆఫీసు నుంచి వచ్చి నేరుగా మెట్లెక్కడం నేను మానేశాను. షాపు పేరెత్తితే మండిపడే మా ఆయన కూడా టీ గ్లాసుతో కిందికి దిగి, వాళ్లందరికీ పేపరు చదివి వినిపించేవాడు. నాకు ఏడో నెలలో మెట్లెక్కడం కష్టమైతే పగలంతా ఆ సోఫా మీదే గడిపాను. వీధిలో ఎవరు ఏమి వండినా ఒక గిన్నె నా దగ్గరికి వచ్చేది. అంత గారాబం మా పుట్టింట్లో కూడా జరగలేదు. మా పాప మొదటిసారి లేచి నిలబడింది కూడా దాని చెయ్యి పట్టుకునే.

పోయిన ఏడాది పక్క వీధిలో కింది అంతస్తు ఇంటికి మారాం. ఆ ఇంటి వాకిలి వెడల్పు. సోఫా సులువుగా పడుతుందని మా ఆయన కొలిచి చూశాడు. సోఫా తీసుకుపోతామని అవ్వకు చెప్పి రమ్మని నన్ను పంపాడు. వెళ్లేసరికి అవ్వ, ఇంకో ఇద్దరు సోఫా నిండా కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నారు. జరిగి నాకూ చోటిచ్చారు. కూర్చుని, ఒలిచి, కబుర్లు చెప్పి, చీకటి పడుతుంటే ఇంటికి వచ్చాను.

“అవ్వ ఏమనింది?” అని అడిగాడు మా ఆయన.

“చెనిక్కాయలిచ్చింది” అన్నాను.

ఆయన కొలత టేపు చుట్టి లోపల పెట్టేశాడు. ఇద్దరం కొత్త ఇంట్లో చాప పరుచుకుని, అవి తింటూ కూర్చున్నాం.