పేరు లేని సిగ్నల్

దయ్యాలు, జిన్నులు ఉన్నాయంటే నేను ఎన్నడూ నమ్మలేదు. ఇంట్లో ఏదైనా తేడా వస్తే నేను మొదట అనుమానించేది మనుషులనే. ఇదీ అలాగే మొదలైంది.

వరంగల్ మట్టెవాడలో మాది ఇరుకు గల్లీ. కింద మేము, పైన అద్దెకు సరోజ. నా కూతురు రేష్మా హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుని కస్టమర్లతో మాట్లాడాలి. మా ఆయన పోయాక ఇంటికి వచ్చే జీతం అదొక్కటే. మాటల మధ్యలో వైఫై తెగిపోతుండేది. ఇలాగే తెగుతుంటే ఉద్యోగంలోంచి తీసేస్తామని కంపెనీ వాళ్లు చెప్పేశారు.

సరోజ మా నెట్ వాడుకుంటోందని నాకు గట్టి అనుమానం. మెట్ల దగ్గర ఆపి అడిగేశాను.

"మాకు వేరే నెట్ ఉన్నదక్కా. నీ నెట్ దొంగతనం జేసేటంత కరువు రాలే నాకు," అని విసురుగా పైకి పోయింది.

పాస్‌వర్డ్ మార్చాం. అయినా తెగడం ఆగలేదు.

అప్పుడు రేష్మా ఫోన్‌లో ఒక యాప్ తెరిచింది. చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులో గుట్టల్లా కనిపిస్తాయి. కింద అంకెలుంటాయి, వాటిని ఛానెల్ అంటారట. ఒకే ఛానెల్ మీద ఎక్కువ గుట్టలుంటే ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఒకటి, ఆరు, పదకొండు, ఈ మూడింట్లో ఏది ఖాళీగా ఉంటే మనది అక్కడికి మార్చుకోవాలని చెప్పింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. కనిపించిందల్లా చదవడం అప్పటి నుంచీ అలవాటు. గుట్టల మీది పేర్లన్నీ చదివి, ఏది ఎవరిదో చాలావరకు పోల్చుకున్నాను. ఒకటో ఛానెల్ ఖాళీ. మాది అక్కడ పెట్టాం.

కాసేపటికి మా గుట్ట పక్కనే ఇంకొకటి లేచింది. మాదానికంటే ఎత్తు. పేరు లేదు. ఆరుకు మార్చాం. అదీ ఆరుకు వచ్చింది. పదకొండుకు మారిస్తే అక్కడికీ వచ్చింది.

"ఎవరో ఆటోల పెట్టి ఉంటరు అమ్మీ. దానంతటదే మారుతది," అంది రేష్మా.

"ఆటోల పెడితే ఖాళీ ఉన్నకాడికి పోవాలె గదా. మన మీదికెందుకు వస్తాంది?"

రేష్మా ఫోన్ నా చేతిలో పెట్టి లాప్‌టాప్ ముందుకు పోయింది.

దూరం పోయేకొద్దీ గుట్ట తగ్గాలట. ఫోన్ పట్టుకుని డాబా మీదికి, తర్వాత గల్లీ చివర కిరాణా కొట్టు దాకా నడిచాను. మా గుట్ట తగ్గి తగ్గి మాయమైంది. ఆ పేరు లేనిది మాత్రం వీసమంత కూడా తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం తీగలకు తగిలే కొమ్మలు కొట్టడానికి గల్లీ మొత్తం కరెంటు తీశారు. కరెంటు లేకున్నా ఆగనిది ఏదో చూస్తే దొంగ ఇవాళ దొరుకుతాడని సరోజను కిందికి పిలిచాను. ఆమె ఫోన్‌లో కూడా అదే యాప్ వేయించాను. గుట్టలన్నీ పడిపోయి ఉన్నాయి. మాది లేదు, సరోజది లేదు. రెండు ఫోన్లలోనూ ఆ ఒక్కటే నిలబడి ఉంది.

"ఇప్పుడు జెప్పక్కా, ఇది గూడ నాదేనా?" అంది సరోజ. నవ్వబోయి ఆగిపోయింది.

ఎవరి సెల్‌లోనో హాట్‌స్పాట్ ఉందేమోనని రెండు ఇళ్లలో మిగతా సెల్‌లన్నీ ఆపేయించాను. మార్పు లేదు. గల్లీలో ఇన్వర్టర్ ఉన్నది మూల మీది మందుల షాపుకే. పోయి అడిగాను. వాళ్ల దగ్గర వైఫై డబ్బానే లేదు.

చివరికి రేష్మా హాల్లోని వైఫై డబ్బా నుంచి వెనక గదిలో తన లాప్‌టాప్ దాకా పొడుగు వైరు లాగి, వైఫై పూర్తిగా ఆపేసింది. ఆ రోజు నుంచి మాట తెగలేదు. ఉద్యోగం నిలబడింది.

మరునాడు పొద్దున నేను ఊరికే యాప్ తెరిచి చూశాను. పేరు లేని గుట్ట ఒకటో ఛానెల్ మీద ఉంది. నా చాయ్ అయ్యేలోపు ఆరు మీదికి పోయింది. అక్కడి నుంచి పదకొండుకు. మళ్లీ ఒకటికి. మేము మారిన వరుసలోనే.

అదేమిటో, ఎవరిదో నాకు ఇవాళ్టికీ తెలియదు. వైరు కాళ్లకు తగులుతోంది, వైఫై మళ్లీ పెట్టుకుందామని రేష్మా అంటూనే ఉంది. అది వెతకడం మానేదాకా నేను పెట్టనివ్వను.