తంగేడుపువ్వు సంతకంతో

కామాటిపురలో మేముండే చాల్‌లో, వరస గదుల పాత మేడలో, మెట్ల కింద ఒక నల్లబోర్డు ఉంది. నీళ్ళ టైము, భజన కబురు రాయడానికి పెట్టింది. మావాళ్ళు మాత్రం దాన్ని పోట్లాటలకు వాడుకుంటారు. వాట్సాప్ గ్రూపులో పేరు కనబడుతుంది కదా, బోర్డు మీదైతే మారుపేరుతో ఎవరినైనా ఏమైనా అనొచ్చు.

ఆ ఏడు బతుకమ్మ ముందు గొడవ బండ్ల గురించి. వాకిలంతా మోటార్ సైకిళ్ళే, మేం ఆడవాళ్ళం బతుకమ్మ ఆడేందుకు జాగా లేదు. అందులో రెండు మా చాల్ సెక్రటరీ కాక కొడుకులవి. బండ్లు తీయమని బోర్డు మీద రాశాను. తొమ్మిది రోజుల ఆట కోసం ఏడాదంతా నడిచే బండ్లు ఎక్కడికి పోవాలని ‘రెండు చక్రాలు’ పేరుతో ఎవరో జవాబిచ్చారు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఎవరూ లేవకముందే కిందికి దిగి, ‘ఈసారి బండ్లనే బతుకమ్మలా పేర్చి చుట్టూ తిరుగుదాం, పాట హారన్లు పాడతాయి’ అని రాసి, తంగేడుపువ్వు అని సంతకం పెట్టాను. రాసింది చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఆ ఊపులో కింద ఇంకో లైను చేర్చాను: ‘కన్న కొడుకులే లెక్కచేయని మనిషికి సెక్రటరీ కుర్చీ ఎందుకు?’

సాయంత్రం గ్రాంట్ రోడ్ నుంచి కూరగాయల సంచితో వస్తుంటే కాక బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను పిలిచి చదివి పెట్టమన్నాడు. మరాఠీ బడిలో చదివాడట, తెలుగు మాట్లాడటమే గానీ అక్షరాలు రావట. నోటీసులన్నీ మరాఠీలో రాస్తుంటే ఇన్నాళ్ళూ బడాయి అనుకున్నాను.

చదివాను. హారన్ల దగ్గర కాక కడుపు పట్టుకుని నవ్వాడు. నేను అక్కడే ఆపేశాను. ఆయన వేలితో ఆఖరి లైను చూపించాడు. వేరే ఏదో కల్పించి చెప్పొచ్చు, కానీ నోరు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

కాక మెల్లగా, “నిజమే రాసిండ్రు బిడ్డా. బండ్లు తీయుండ్రని రోజూ చెప్తున్న. వింటలేరు” అన్నాడు.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయన మొదటినుంచీ మా పక్షమే. రాసింది నేనేనని, తప్పయిందని చెప్పేశాను. తుడవబోతే నన్ను ఆపి, భుజం మీది తువ్వాలుతో ఆ ఒక్క లైనూ తనే తుడిచాడు.

“పైన రాసింది ఉండనీ,” అన్నాడు. “జర నా కొడుకులను గూడ పిలుస్త, చదివి పెట్టు. వాళ్ళకూ తెలుగు చదువరాదు.”