మలుపులో తీసిన అచ్చు

ఇరవై రెండేళ్లపాటు ఇతరుల నోళ్లకు పళ్లు తయారుచేసిన మనిషికి ప్రపంచమంతా ఒక పెద్ద దవడలా కనిపించడంలో వింతేమీ లేదు. బస్సులో ఎదుటివారు ఆవులిస్తే ఆమె చూపు ముందుగా పై వరుస మీదికే పోయేది. ఆమె పనిచేసిన కట్టుడుపళ్ల ల్యాబువారు చివరికొక యంత్రం కొన్నారు. ఆమె మూడు రోజులు కూర్చుని చేసే పనిని అది గంటలో చెక్కి పారేసేది. ఒక గోడ గడియారం, ఒక పొగడ్త ఉత్తరం చేతిలో పెట్టి ఆమెను సాగనంపారు. ఆమె తన మైనపు కత్తులు, చిన్న సానపట్టే మోటారు, సగం వాడిన డబ్బాలు పెట్టెలో సర్దుకుని నేరుగా తమ్ముడి కార్ల గ్యారేజీకి వచ్చింది. మెకానిక్కులు మొదటిరోజు టీ వేళకే ఆమెకు పళ్లక్క అని పేరు పెట్టేశారు.

ఆ గ్యారేజీలో ఉత్తరపు కిటికీ కింద ఒక పొడవాటి బల్ల ఉంది. దాని మీద పాత సైలెన్సర్లు పేరుకుపోయి ఉండేవి. పళ్లక్కకు ఆ బల్ల కావాలి. కార్లకు కొత్తవి దొరకని గుబ్బలు, మీటలు, అంచులు ఏవైనా సరే, ఆ వెలుతురులో కూర్చుని బాగుచేస్తానని నాలుగు నెలలుగా అడుగుతూనే ఉంది. తమ్ముడికి అక్కంటే ప్రాణం. అయినా బల్ల మాట వచ్చేసరికి వాయిదా మీద వాయిదా వేసి, ఆమెను సీటు కవర్లు కుట్టే చీకటి మూలనే కూర్చోబెట్టాడు. కారణం అడిగితే నీళ్లు నమిలేవాడు. పళ్లు కట్టే ఆవిడ కార్లు బాగుచేస్తుందట అని నలుగురూ నవ్వుతారని అతని బెంగ.

ఒక గురువారం ఉదయం కంటి డాక్టరు తన ఎర్రటి స్పోర్ట్స్ కారుతో వచ్చింది. అరవైకి ఒక్క ఏడాది తక్కువ. పనిరోజుల్లో కళ్లకు ఆపరేషన్లు చేసి, సెలవు దొరికితే కొండదారి పందేలకు పరుగెత్తే మనిషి. ఆ కారులో స్టీరింగు వెనక చెరోపక్క ఒక రెక్క ఉంటుంది. కుడిదాన్ని వేలితో లాగితే గేరు పెరుగుతుంది, ఎడమదాన్ని లాగితే తగ్గుతుంది. పన్నెండేళ్ల లాగుడుకు ఎడమ రెక్క మీది గీతలన్నీ అరిగిపోయి, అది వాడిన సబ్బుబిళ్లలా తయారైంది. చెమట పట్టిన వేలు జారిపోతోంది, మలుపు ముందు గేరు దిగడం లేదు. పందెం శనివారం. కొత్త రెక్క తెప్పించాలంటే రెండు నెలలు.

తమ్ముడు తల అడ్డంగా ఊపుతూ ఉండగానే పళ్లక్క కారులోకి సగం దూరిపోయింది.

"ఒకవైపే అరిగిందిరా. నమిలేవాళ్లందరూ ఇంతే, ఒకవైపే నములుతారు."

"అక్కా, అది పన్ను కాదు."

"నువ్వుండు. డాక్టరు గారూ, ఇది నేను చేస్తాను."

"చేద్దురు గానీ, నా నోట్లోకి చూస్తున్నారేంటి?"

"అలవాటండి. ఎడమ దవడ పన్ను బాగా అరిగింది. పళ్లు నూరుతారా?"

"పందెం రోజుల్లో." డాక్టరు తమ్ముడి వైపు తిరిగింది. "ఈవిడని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?"

తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "సరే. ఇది పనిచేస్తే కిటికీ బల్ల నీది. చెయ్యకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

"నేను సాక్షిని," అంది డాక్టరు.

పళ్లక్క కాళ్లు నేల మీద ఆనలేదు. వేడినీళ్లలో మెత్తబరచిన మైనం రెక్కకు అద్ది, డాక్టరును సీట్లో కూర్చోబెట్టి లాగమంది. వేలిముద్ర పడింది. తమ్ముడు బ్యాటరీ తీగ తప్పించి రెక్కను విప్పి ఇచ్చాడు. ఆమె ముద్ర చుట్టూ ప్లాస్టరు పోసి అచ్చు తీసింది. పాత ప్లాస్టిక్కును గరుకు చేసి, కొత్త పొర పట్టు దొరికేలా సూదిమొనంత రంధ్రాలు పొడిచింది. కట్టుడుపళ్ల పొడి, ద్రవం కలిపి అచ్చులో నింపి నొక్కింది. డబ్బాలో మిగిలింది చిగుళ్ల కోసం వాడే గులాబీరంగు పొడి ఒక్కటే. కాబట్టి పైన నల్లరంగు వేసి రాత్రంతా ఆరబెట్టింది. తెల్లారి చూస్తే రెక్క కొత్తదాన్ని తలదన్నేలా ఉంది.

శుక్రవారం పందెగాళ్ల సాధన కోసం కొండదారిని మూసేశారు. అక్కాతమ్ముళ్లిద్దరూ వెళ్లారు. మొదటి చుట్టు ముగించి వచ్చిన డాక్టరు హెల్మెట్టు తీసి పెదవి విరిచింది.

"ఆగి ఉన్నప్పుడు అద్భుతం. మలుపులో నా వేలికి అది అందడం లేదు."

తమ్ముడు పనిముట్లు సర్దడం మొదలుపెట్టాడు. ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

పళ్లక్క నుదురు కొట్టుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి కొరకమంటే ఏ మనిషీ తన నిజమైన కొరుకుడు కొరకడు, బడిపిల్లవాడిలా బుద్ధిగా కొరుకుతాడు. ఇరవై రెండేళ్లుగా తెలిసిన సంగతే. అందుకే ల్యాబులో ఆమె ఏదో ఒక సోది చెప్పి, నవ్వించి, మనిషి ఏమరుపాటులో ఉండగా అచ్చు తీసేది. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడ తాకట్టు పెట్టింది?

"ఫ్లాస్కులో వేడినీళ్లున్నాయి. నేను పక్కన కూర్చుంటాను. మలుపులో అచ్చు తీద్దాం."

గేటు దగ్గరి కాపలాదారు నిబంధనల పుస్తకం తెరిచి, వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. సాధనలో పక్క సీటు ఖాళీగా ఉండాలని ఎక్కడా లేదు.

"లేని నిషేధాన్ని మీరు పుట్టించలేరు కదా," అంది డాక్టరు. అతను నిట్టూర్చి ఒక హెల్మెట్టు ఇచ్చాడు.

మొదటి మలుపులో పళ్లక్క పైప్రాణాలు పైనే పోయాయి. రెండోదానిలో కడుపు వెనక సీటు కోసం వెతుక్కుంది, కాని ఆ కారుకు వెనక సీటే లేదు. మూడోదానిలో ఆమెకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, పొట్టలో పుట్టి హెల్మెట్టంతా నిండి అద్దం మసకబరిచిన నవ్వు. చెట్లు గుంపులుగా పక్కకు తప్పుకుంటున్నాయి. తారు నల్లటి రిబ్బనులా చుట్టుకుంటోంది. బస్సులో కిటికీ సీటు దొరికితేనే పండగనుకునే మనిషి, తిన్ననిదారి వచ్చినప్పుడు మెత్తటి మైనాన్ని ముందుకు వంగి రెక్కకు అద్దింది.

"భయంగా ఉందా?"

"ఉందండి. ఇంకా జోరుగా పోనివ్వండి, మైనం చల్లారిపోతోంది."

డాక్టరు కూడా పగలబడి నవ్వింది. నవ్వుతూనే మలుపులోకి దూకి, నవ్వుతూనే రెక్క లాగింది. గేరు కంగుమని దిగింది.

కారు ఆగాక చూస్తే ముద్ర రెక్క మధ్యలో లేనే లేదు. స్టీరింగు తిరిగి ఉండటంతో రెండు వేళ్లు కింది కొసను ఏటవాలుగా పట్టుకున్నాయి. ఆ ఆకారం కుర్చీలో వందసార్లు లాగించినా దొరికేది కాదు.

ఆ రాత్రంతా కూర్చుని పాత పొర చెక్కేసి కొత్తది కట్టింది. రెండు వేళ్లకు రెండు గుంటలు, వాటి మధ్య సన్నటి గట్టు. అయితే తెల్లారి ఏడింటికే తనిఖీ, రంగు ఆరే వ్యవధి లేదు. రెక్క పచ్చి గులాబీరంగులో నిగనిగలాడింది.

తమ్ముడు తల పట్టుకున్నాడు. "చిగుళ్లలా ఉందక్కా."

"చిగుళ్ల పొడితో చేస్తే ఇంకెలా ఉంటుందిరా?"

"పరువు పోతుంది."

"గేరు దిగుతుంది. ఏది కావాలో తేల్చుకో."

శనివారం తనిఖీ అధికారి కారులో తలపెట్టి చాలాసేపు బయటికి తీయలేదు.

"ఇదేంటండీ?"

"చిగుళ్లు," అంది డాక్టరు. "కారుకి వయసొస్తోంది, ముందు జాగ్రత్త."

అతను రెక్కను పదిసార్లు లాగి, ఊడదని తేల్చుకుని, నవ్వాపుకుంటూ సంతకం పెట్టాడు.

పదకొండు మలుపులు. జనాన్ని ఆపే తాడు పక్కన నిలబడ్డ తమ్ముడు ఇంజను శబ్దాన్నిబట్టి దిగిన ప్రతి గేరునూ వేళ్ల మీద లెక్కపెట్టాడు. రెండు చేతుల వేళ్లూ అయిపోయాక పక్కనున్న అపరిచితుడి వేలు పట్టుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు. డాక్టరు ఇరవై ఒక్కమందిలో తొమ్మిదో స్థానంలో వచ్చి, గెలిచినవాళ్లకంటే ఎక్కువ గంతులేసింది. జనం ఆ గులాబీ రెక్కను చూడటానికి మూగారు. కొందరు నవ్వారు, తమ్ముడు భయపడ్డట్టే. విచిత్రంగా అందరికంటే బిగ్గరగా నవ్వింది అతనే.

"మా అక్క చేసింది," అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. "పళ్లు కట్టేది. దేశంలో ఇంకెవరికీ చేతకాదు."

"దేశం మొత్తం చూసొచ్చావా?" అంది పళ్లక్క. అప్పటికే ఆమె సంచిలో ఎవరిదో పగిలిన గేరు గుబ్బ ఒకటి, అరిగిన రెక్కల జత ఒకటి చేరాయి.

గ్యారేజీకి తిరిగి రాగానే ఆమె చేతిసంచి కింద పెట్టకుండానే సైలెన్సర్లు దించడం మొదలుపెట్టింది.

"సోమవారం మనుషుల్ని పెట్టి తీయిస్తాను లేక్కా."

"సోమవారానికి నాకు పనుంది."

తమ్ముడు చొక్కా చేతులు మడిచి రెండో కొస పట్టుకున్నాడు. చివరి సైలెన్సరు దిగేసరికి ఇద్దరి ముఖాలూ మసిబారాయి. పళ్లక్క ఒక ముక్కాలి పీట లాక్కుని, బల్ల ముందు కూర్చుని, పగిలిన గుబ్బను కిటికీకేసి ఎత్తి పట్టుకుంది.

"కొంచెం తప్పుకోరా," అంది. "వెలుతురుకి అడ్డొస్తున్నావు."