రంగు కింద పోయిన స్టిక్కర్లు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, దసరా వెళ్లగానే నన్ను అమీర్‌పేట, పంజాగుట్ట వార్డులకు క్షేత్ర పర్యవేక్షకురాలిగా వేశారు. ఇంటింటి చెత్త తీసే చిన్న ఆటోల వాళ్లకు తోడ్పడే స్వచ్ఛంద సంస్థ మాది. బడి మొహం చూడని నాకు తాతయ్య ఇంట్లో చెప్పిన చదువే ఆ ఉద్యోగం ఇచ్చింది. దేవుడికీ ఆయనకూ దణ్ణం పెట్టుకునే రోజూ బయల్దేరేదాన్ని.

ఒక్కో ఆటోకు కేటాయించిన వీధులను బీటు అంటాం. గేటుకు అతికించిన స్టిక్కరును ఫోనుతో స్కాన్ చేస్తేనే ఆ ఇంటి చెత్త తీసినట్టు లెక్క. యాదమ్మ, ఆమె భర్త సొంత ఆటో కొనుక్కుని ఒక బీటు చూసుకునేవారు. వాళ్ల బీటులో సగం ఇళ్లు 'తీయలేదు' అని చూపిస్తున్నాయి. స్కాన్ అయితలేదని ఆమె ఫోన్లో మొత్తుకుంటే, మళ్లీ ప్రయత్నించమని నేనూ గద్దించాను. చివరికి బీటు రద్దు చేసి పెద్ద కాంట్రాక్టరుకు ఇస్తామని వార్డు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

మర్నాడు ఆమె వెంట వెళ్లి చూద్దును కదా, దసరా పండక్కి సగం గేట్లకు రంగులేశారు! స్టిక్కర్లు రంగు కింద పోయాయి.

"రంగు బాగుందా యాదమ్మా?" అంది ఒక ఇల్లాలు.

"మస్తుందమ్మా. నా బీటు సుత దాని కిందనే ఉంది," అంది యాదమ్మ, ఆమె చెత్తబుట్ట ఎత్తుకుంటూ.

వార్డు ఆఫీసులో సూపర్‌వైజరు కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. సిస్టమ్‌లో లేకపోతే పని జరగనట్టేనన్నాడు.

"మరి ఆ చెత్తంతా దేవుడొచ్చి ఎత్తుకుపోయాడాండీ?" అన్నాను.

భక్తి ఇంట్లో పెట్టుకోమని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఫిర్యాదుల రిజిస్టరు తెప్పించమన్నాను. రెండు రోజులు బండి రాకపోతే ఊరుకునే వీధులా అవి? పండగ నుంచి ఆ వీధుల తరఫున ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ పేజీల నకళ్లు అతని పైఅధికారి ముందు పెట్టాను. రద్దు ఆగింది, కొత్త స్టిక్కర్లు వచ్చాయి. అందుకు ఆయనకు కృతజ్ఞురాలినే.

కానీ ఉత్తర్వులో, "మొదటి తప్పుగా భావించి క్షమించడమైనది" అని రాశారు. యాదమ్మకు చదివి వినిపించాను.

"తప్పెవరిది మేడం?" అంది.

ఆ వాక్యం కొట్టేయమని మూడుసార్లు రాశాను. కొట్టేయలేదు. స్కాన్ చెప్పేది గేటు సంగతి. చెత్త పోయిందీ లేనిదీ ఫిర్యాదుల రిజిస్టరు చెబుతుంది. రిటైరయ్యేదాకా ఏ నోటీసు వచ్చినా ముందు అదే తెరిచాను. పనిచేసే మనిషిని గద్దించడం ఆ తర్వాతే.